పొగ లేని సొరంగంలో ఇనుప ధూళి

నగర వీధుల్లో ధూళికి వాహనాల పొగ, టైర్ల అరుగుదల, రోడ్డు మట్టి కారణం. విద్యుత్తుతో నడిచే భూగర్భ రైళ్లలో పొగే ఉండదు కనుక గాలి శుభ్రమని భావిస్తాం. లండన్‌లో జరిపిన కొలతలు ఇందుకు విరుద్ధం.

1968లో ప్రారంభమైన అక్కడి విక్టోరియా మార్గంలో, ఊపిరితిత్తుల లోతుకు చేరగల 2.5 మైక్రాన్లలోపు కణాలు వీధుల కంటే పదిరెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. చక్రాలు, పట్టాలు, బ్రేకులు ఒరుసుకున్నప్పుడల్లా ఇనుము పొడిగా రాలుతుంది. లండన్ భూగర్భ రైల్వే ధూళిలో దాదాపు సగం ఐరన్ ఆక్సైడే. విక్టోరియా ప్రయాణ మార్గమంతా సొరంగమే కావడంతో ధూళి తేలిగ్గా బయటికి పోదు. అడుగున చేరినదాన్ని ప్రతి రైలూ మళ్లీ రేపుతుంది.

ఇది డీజిల్ పొగంత హానికరమా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. అరగంట ప్రయాణికుల మాట అటుంచి, విధి నిర్వహణంతా అందులోనే సాగించే డ్రైవర్ల విషయమే ఆలోచించదగినది. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో మార్గాలు స్తంభాలపై ఉన్నందున సొరంగం బెడద లేదు. కింద రోడ్డు దుమ్ము మాత్రం ఉండనే ఉంది.