లింగమయ్య కొలువు... మా పిల్లల కొలువు!

ఆదివారం వస్తే మా అమ్రాబాద్ మండలంలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే కార్లవాళ్లు ఒక రకం. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగి, చాయ్ తాగి, కోతులకు బిస్కెట్లు వేసి (వేయొద్దని బోర్డు ఉన్నా సరే!), ఫొటోలు దిగి పోతారు. రెండో రకం మా పిల్లలు. డిగ్రీ కాగితాలు ఇంట్లో పెట్టి, హోటల్ ముందు బల్లమీద కూర్చుని, ఆ కార్లను లెక్కపెడుతుంటారు.

ఆరు రోజులూ కుట్టుమిషన్‌తోనే సరిపోతుంది నాకు. పేపరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదివేది ఆదివారమే. చదివిన తర్వాత బుర్రలో ఏవేవో తిరుగుతుంటాయి. దేవుడు, దేశం, పిల్లల భవిష్యత్తు... మూడూ వేరువేరు సంగతులని అనుకుంటాం గానీ, ఈ అడవిలో ఉండేవాళ్లకు మూడూ ఒకదానికొకటి ముడిపడే ఉంటాయి.

మా దగ్గర భక్తికి కొదవలేదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఏడాదిలో ఆ కొద్దిరోజులే అక్కడికి దారి ఇస్తారు. ఫరహాబాద్ నుంచి అడవిలోకి పోయి, బండి ఆగినచోటు నుంచి రాళ్లు, లోయలు దిగుతూ నడవాలి. ఎండ నెత్తిన మండుతుంటుంది, కాళ్లు బొబ్బలెక్కుతాయి. అయినా ముసలమ్మలు సైతం "వస్తున్నాం లింగమయ్యా" అంటూ కర్ర పట్టుకుని దిగుతూనే ఉంటారు. ఎత్తునుంచి పడే నీళ్లు, పక్కన గుహలో లింగమయ్య. అక్కడ పూజారులు చెంచులే. నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. ఊళ్లో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని మనిషి దగ్గర ఆ రోజు అందరం చేతులు చాచి బొట్టు పెట్టించుకుంటాం! అటు అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్లకు అల్లుడయ్యాడు. దేవుళ్లకు లేని పట్టింపులు మనకెందుకో?

వెనకటి తల్లులు వాన పడాలని, పిల్లలకు జబ్బులు రాకూడదని మొక్కేవాళ్లు. ఇప్పుడు నా పక్కన నడిచే ఆడవాళ్ల మొక్కులన్నీ గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబులే. నాదీ అదే మొక్కు. ఇద్దరు పిల్లల తల్లిని, లింగమయ్యను కొలువు అడగక ఇంకేం అడుగుతాను?

కొడుకు బీఎస్సీ చదివాడు. బిడ్డ ఇంటర్ అయింది. ఒక ఆదివారం పేపరు నా చేతిలోంచి తీసుకుని వాడన్నాడు: "అమ్మా, ఆ యురేనియం గనులొచ్చుంటే మనూళ్లనే కొలువులు దొరుకుతుండె గద! మనమే వద్దని కొట్లాడితిమి." వాడి మాటకు కోపం రాలేదు. ఇరవై మూడేళ్ల పిల్లవాడు ఖాళీగా కూర్చుంటే ఆ మాటే వస్తుంది.

2019 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకు కేంద్రంలోని అటవీ సలహా కమిటీ ఆ ఏడాది మే నెలలో సూత్రప్రాయంగా సరేనంది. వేల బోర్లు వేస్తారన్నారు. ఇక్కడి ఊళ్లు బంద్ పాటించాయి, ఆడవాళ్లు రోడ్డుమీద కూర్చున్నారు, పట్నంలో సినిమావాళ్లు కూడా 'నల్లమలను కాపాడండి' అన్నారు. సెప్టెంబరులో రాష్ట్ర అసెంబ్లీ గనులు వద్దని తీర్మానం చేసింది. దేశానికి కరెంటు అక్కర్లేదని నేననను. నా మిషనూ కరెంటుతోనే తిరుగుతుంది. కానీ కొలువుల లెక్క మాత్రం వేయాల్సిందే కదా!

ఆ లెక్క వేయడానికి నాకు పుస్తకాలు అవసరపడలేదు. మా దోమలపెంటే చెప్పింది.

2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తీసుకుపోవడానికి కొండల కింద తవ్వుతున్న 44 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో, లోపల పద్నాలుగో కిలోమీటరు దగ్గర పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మరునాడు ఆదివారం ఇక్కడ ఎవరింట్లోనూ అన్నం సయించలేదు. సైన్యం, నేవీ, కేరళ నుంచి పోలీసు కుక్కలు... రెండు నెలలు వెతికారు. ఇద్దరి శవాలు మాత్రమే దొరికాయి. నాలుగు రోజులకే శివరాత్రి. మాల వేసుకున్న స్వాములు అదే దోమలపెంట మీదుగా శ్రీశైలం నడిచిపోయారు. కొండమీద మల్లన్న కోసం, కొండకింద ఆ ఎనిమిది మంది కోసం కలిపే దండం పెట్టుకున్నవాళ్లు ఎంతమందో!

ఆ ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్‌వాళ్లు. జార్ఖండ్ అంటే ఏమిటి? బొగ్గు, ఇనుము, యురేనియం అన్నీ ఉన్న నేల. అక్కడి జాదుగూడలో యురేనియం గని 1967లోనే మొదలైంది. అన్ని గనులున్న రాష్ట్రంలో పుట్టిన బిడ్డలు, కూలికోసం ఎక్కడో మా నల్లమల సొరంగంలోకి రావలసి వచ్చింది. ఇదే మాట నా కొడుక్కి చెప్పాను. "గనులుంటే కొలువులుంటయంటివి, మరి వాళ్లెందుకు వచ్చిండ్రు బిడ్డా?" అన్నాను. కడప జిల్లా తుమ్మలపల్లె సంగతీ చెప్పాను. అక్కడ యురేనియం వచ్చాక బోరునీళ్లు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు మొత్తుకోవడం పేపర్లలో చదివిందే.

వలస బాధ మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలమూరు లేబర్ అంటే ఈ దేశంలో తెలియని డ్యాము ఉందా? మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కుటుంబాలకు కుటుంబాలు తరలిపోయి, ఎవరి ఊళ్లకో నీళ్లు తెచ్చి, తమ ఊళ్లో బిందెడు నీళ్లకు తిప్పలు పడ్డవాళ్లు మావాళ్లు. జార్ఖండ్ తల్లుల ఏడుపు టీవీలో చూస్తుంటే భాష అర్థం కాకపోయినా గొంతు మాత్రం మా అవ్వదే అనిపించింది.

అంతా విని నా కొడుకు ఒక్క మాటే అన్నాడు: "సరే అమ్మా. గనులొద్దు. మరి ఏమి కావాలె?"

జవాబు చెప్పడం తేలికేమీ కాదు. అడవి 2,611 చదరపు కిలోమీటర్లుంది. చెంచు పిల్లలు బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, ఫరహాబాద్ సఫారీలో గైడ్లుగా పనిచేస్తున్నారు. ఏ పక్షి ఎందుకు అరిచిందో, పులి ఏ దారిన పోయిందో వాళ్లకు తెలిసినట్టు డిగ్రీలవాళ్లకు తెలియదు. కానీ ఆ పనులు ఎన్ని? జీతాలు ఎంత? నెలనెలా అందుతాయా? గురుకులంలో పది పాసైన చెంచు పిల్లకు ఆ తర్వాత దారి చూపేది ఎవరు? మన్ననూరులో ఐటీడీఏ ఆఫీసు ఉన్నందుకు మొదట అడగాల్సింది ఇదేనని నా ఉద్దేశం.

అటు ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మా అడవిలో ఇప్పపువ్వు లేదా? తేనె లేదా? తేనెను, బంకను గిరిజన సహకార సంస్థకు తూకంవేసి ఇచ్చి రావడమే గానీ, సీసాలో పోసి, పేరు పెట్టి, ఆదివారం ఆగే కార్లవాళ్లకు అమ్మితే మా సంఘాల ఆడవాళ్లకు ఎంత మిగులుతుందో లెక్కపెట్టుకోండి!

ఇంకో సంగతి కూడా ఉంది. పులుల కోసమని అడవి లోపలి పెంటలను ఖాళీ చేయిస్తామంటున్నారు. ఇష్టపడి బయటికి వచ్చిన కుటుంబానికి 15 లక్షలు ఇస్తారట, లేదంటే భూమి, ఇల్లు. కొందరు సరేనన్నారు, కొందరు కదలమన్నారు. రోడ్డు పక్కకొస్తే పిల్లలకు బడి, ఆసుపత్రి దగ్గరవుతాయి, నిజమే. కానీ పదిహేను లక్షలు ఎన్నేళ్లొస్తాయి? అడవి తప్ప మరోటి తెలియని మనిషి ఆ డబ్బు అయిపోయాక ఏ మేస్త్రీ వెంట పోవాలి? పులిని కాపాడడానికి చెంచును బయటికి పంపి, కార్లను లోపలికి తీసుకుపోవడం మాత్రం నాకు అంతుపట్టదు.

నా కొడుకు అదేమీ తేల్చుకోలేదు. పట్నం పోయి ఏదో కోచింగ్‌లో చేరతానని అంటున్నాడు, ఫీజు సంగతి ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. తేల్చుకుంది చిన్నది. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కొలువుకు ఇంటర్ చాలు. ఖాకీ వేసుకుని అడవిలో తిరిగే ఆడపిల్లలను చూస్తూనే ఉంది. ఆ పరీక్షలో మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, ఆడవాళ్లు 16. "సలేశ్వరం నడిచేటోళ్లకు పదహారెంత?" అని ఆదివారాలు తెల్లవారక ముందే లేచి, పక్కింటి లంబాడి పిల్లను తోడు తీసుకుని, మన్ననూరు దారిన పోతోంది. వాళ్ల వెనక నేను సైకిల్ మీద! మొదటి ఆదివారం తొమ్మిదో కిలోమీటరు దగ్గర చెప్పు తెగింది. అచ్చంపేటలో ఇద్దరికీ బూట్లు కొనాలి. ఈ వారం రెండు పెళ్లి జాకెట్లు త్వరగా కుట్టి ఇచ్చేస్తే ఆ డబ్బులు చేతికొస్తాయి.