ఊపిరికి ఒక కొలత

గుండెల నిండా గాలి పీల్చి, మొత్తం బయటికి వదలండి. అలా వదిలిన గాలి పరిమాణాన్ని 'వైటల్ కెపాసిటీ' అంటారు. దాన్ని కొలిచే సాధనం స్పైరోమీటరు.

ఇంగ్లండు వైద్యుడు జాన్ హచిన్సన్ రెండువేల మందికి పైగా పరీక్షించి, 1846లో ఒక చక్కని సంగతి ప్రకటించాడు. మనిషి ఎత్తు ఒక అంగుళం పెరిగితే, ఈ గాలి సుమారు 8 ఘనపుటంగుళాలు పెరుగుతుంది! పొడవైన వారికి ఛాతీ గూడు పెద్దది కదా! బరువు విషయం అలా కాదు. పొట్టలో కొవ్వు పేరుకుంటే ఉదరవితానం సులువుగా కిందికి దిగలేదు.

మరి ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లలకు వేర్వేరు కొలతలు వస్తాయెందుకని? ఊపిరితిత్తులు సుమారు ఇరవై ఏళ్ళ వరకు పెరుగుతూనే ఉంటాయి. ఆ కాలంలో తిండి చాలకపోయినా, కట్టెల పొగ, పిడకల పొగ, బీడీ పొగ రోజూ పీల్చినా పెరుగుదల కుంటుపడుతుంది. 'ఈ ప్రాంతం వారికి ఇంతే సహజం' అని సరిపెట్టుకుంటే, పొగ చేసిన నష్టం ఆ మాట చాటున దాగిపోతుంది.

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో గాలి శుభ్రపడినకొద్దీ పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా పెరిగాయని 2015లో వెల్లడైంది.

మీ వంటింట్లో పొగ పోయే దారి ఉందా? ఈ రోజే చూడండి!