యంత్రం కొనే ముందు నీళ్ల సంగతి చూడండి

మా హిందూపురం వైపు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడి ఉద్యోగం, పొలం అన్నీ అయ్యాక పెద్దవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "ఆ ఊళ్లో నీళ్లెట్లా?" అని. ట్యాంకరు కోసం ఎదురుచూసి, తాగడానికొక బిందె, వాడకానికొక డ్రమ్ము వేరుచేసుకుని కాపురాలు చేసినవాళ్లం కదా! అందుకేనేమో, నీళ్లను బాగుచేస్తానంటూ ఏ వస్తువొచ్చినా కాస్త ఆశగానే చూస్తాం.

ఇప్పుడు ఆ వరసలో వచ్చింది వాటర్ అయొనైజరు. లక్ష రూపాయలు దాటిన రకాలు కూడా ఉన్నాయి. డెమో చూపించే అబ్బాయి ఇంటికొచ్చి గ్లాసులో నీళ్లు పట్టి రెండు చుక్కల రంగు వేస్తాడు. నీళ్లు ఊదారంగుకి తిరుగుతాయి. "చూశారా మేడం, క్షార జలం!" అంటాడు. చూస్తున్నవాళ్లకి ముచ్చటగానే ఉంటుంది.

మా బంధువుల్లో ఒకే రకం యంత్రం మూడిళ్లకు వచ్చింది. పెనుకొండలో మా వదినావాళ్లు, ధర్మవరంలో మా చెల్లెలు కొనుక్కున్నారు. మా ఇంట్లో వారం రోజులు డెమోకి పెట్టి వెళ్లారు. మూడిళ్లల్లోనూ మూడు రకాలుగా పనిచేసింది. తేడా యంత్రంలో లేదు, దానికి పట్టిన నీళ్లలో ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

ఈ యంత్రంలో టైటానియం రేకులుంటాయి. వాటికి ప్లాటినం పూత ఉంటుంది. మధ్యలో పలుచటి పొర. కరెంటు పెడితే ఒక రేకు దగ్గర హైడ్రోజన్ వాయువు పుట్టి నీళ్లు క్షారంగా మారతాయి. రెండోదాని దగ్గర ఆక్సిజన్ పుట్టి ఆమ్లంగా మారతాయి. ఒక గొట్టంలోంచి తాగే నీళ్లు, ఇంకో గొట్టంలోంచి పారబోసే నీళ్లు వస్తాయి.

అయితే శుద్ధమైన నీళ్లలో కరెంటు సరిగా పారదు. దాన్ని మోసుకెళ్లేవి నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటి లవణాలే. ఇవి మరీ తక్కువైతే యంత్రం వట్టిపోతుంది. మరీ ఎక్కువైతే గారపట్టిపోతుంది. మన చారులో ఉప్పులాగే అన్నమాట!

మూడిళ్ల ముచ్చట

మా ఇంట్లో తాగేది ఇరవై లీటర్ల క్యాను నీళ్లు. ఆర్.ఓ. ప్లాంటులో వడకట్టినవి కాబట్టి లవణాలన్నీ దాదాపు అక్కడే పోయాయి. వాటిని యంత్రంలోకి పంపితే రంగు చుక్కలు పచ్చగానే ఉండిపోయాయి. ఊదా కాదు కదా, నీలం కూడా సరిగా రాలేదు. డెమో అబ్బాయి నీళ్ల ధార సన్నగా తిప్పాడు. ధార సన్నమైతే నీళ్లు రేకుల దగ్గర ఎక్కువసేపు నిలిచి కొంచెం ఫలితం పెరుగుతుంది. పెరిగింది కూడా, కానీ చెంబు నిండేసరికి నా పోపు మాడింది.

పెనుకొండలో వదినావాళ్లది సొంత బోరు. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. మొదటిరోజు యంత్రం నుంచి చక్కటి ఊదారంగు వచ్చింది. వదిన సంబరపడింది. మూడు నెలలు తిరిగేసరికి ధార సన్నబడింది, రంగు వెలిసింది. విప్పి చూస్తే రేకులకి తెల్లటి పెచ్చు. నీళ్లు క్షారంగా మారే చోటే కాల్షియం సున్నపు పొరలా పేరుకుంటుంది. వేన్నీళ్ల గిన్నె అడుగున పట్టే గార కూడా అదే. కొన్ని యంత్రాలు కరెంటు దిశ మార్చి ఆ పొరను వాటంతటవే వదిలించుకుంటాయి గానీ, మన ఉప్పు నీళ్లకు అది చాలదు. నిమ్మఉప్పు నీళ్లతో అప్పుడప్పుడు కడగాల్సిందే. ముందు ఉండే కార్బన్ ఫిల్టరు క్లోరిన్ వాసనను తీస్తుంది తప్ప కరిగిన సున్నాన్ని ఆపలేదు.

ధర్మవరం చెల్లెలిది మున్సిపాలిటీ కుళాయి. ఆ నీళ్లు మరీ చప్పనా కావు, మరీ ఉప్పనా కావు. యంత్రం అక్కడ బాగా పనిచేస్తోంది. వాళ్లది పట్టుకు రంగులద్దే ఇల్లు. వాళ్లత్తగారు ఏమీ ఆశ్చర్యపోలేదు. "పట్టు అదే, రంగూ అదే. నీళ్లు మారితే చీర మారిపోతుందమ్మా. యంత్రం మారదా?" అన్నారు. బరువైన నీళ్లలో సబ్బు జిగురుగా విరిగి పట్టుకు అంటుకుంటుందని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అసలు భయం వేరు

ఇక్కడిదాకా ఇది డబ్బు సంగతి. మన ప్రాంతంలో ఇంకో సంగతుంది, అది పిల్లల పళ్ల మీద గారగా కనిపిస్తుంది. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలాచోట్ల అది పరిమితి దాటింది. అందుకే 1990ల్లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ఈ జిల్లాలో 731 గ్రామాలకు మంచినీళ్లిచ్చే పథకం కట్టింది. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా తెచ్చింది.

భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 10500 ప్రకారం తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. కరిగిన లవణాలు, అంటే టి.డి.ఎస్., 500 మంచిది. గత్యంతరం లేకపోతే 2,000. కాఠిన్యం 200, లేకపోతే 600.

అయొనైజరు ఫ్లోరైడ్ తీసే యంత్రం కాదు. ఊదారంగు చూసి అది పోయిందనుకోకండి. చేతిలో పట్టుకునే టి.డి.ఎస్. మీటరు కూడా ఫ్లోరైడును చూపించదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. తీయాలంటే ఆర్.ఓ. గానీ, యాక్టివేటెడ్ అల్యూమినా గానీ కావాలి.

చిక్కుముడి ఇక్కడే ఉంది. ఫ్లోరైడ్ పోవడానికి ఆర్.ఓ. పెడితే లవణాలు కూడా పోయి అయొనైజరు వట్టిపోతుంది. లవణాలుండాలని బోరు నీళ్లే పెడితే ఫ్లోరైడ్ కడుపులోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఏది ముందో మీకు నేను చెప్పాలా?

ఏం చేయాలి?

ముందు నీళ్ల పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా శాఖ లేబొరేటరీల్లో జల్ జీవన్ మిషన్ కింద 2021 నుంచి మామూలు జనం కూడా నామమాత్రపు రుసుముతో పరీక్ష చేయించుకునే వీలు కల్పించారు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. బోరును అయిదు నిమిషాలు పారనిచ్చి, ఆ తర్వాత పట్టండి. ఫ్లోరైడ్, కాఠిన్యం, టి.డి.ఎస్., పి.హెచ్., నైట్రేటు అని అడిగి రాయించుకోండి. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి చేయిస్తే మరీ మంచిది. బోరు అడుగంటితే నీళ్ల గుణం మారుతుంది.

డెమో ఇస్తామంటే మీ ఇంటి నీళ్లతోనే చేయమనండి. వాళ్లు తెచ్చిన సీసా నీళ్లతో కాదు. రేకులు కడిగేందుకు ఏడాదికెంత, ఫిల్టరు మార్చడానికెంత, మన ఊరికి మెకానిక్ వస్తాడా అని అడగండి. పారబోసే గొట్టం కింద బకెట్టు పెట్టండి. ఆ నీళ్లు తాగకూడదు, గచ్చు తుడవడానికి పనికొస్తాయి. మన ఊళ్లల్లో బకెట్టు నీళ్లంటే మాటలా!

సర్వరోగాలూ పోతాయంటే నమ్మకండి. జపాన్‌లో ఈ యంత్రాలకు అనుమతిచ్చింది అజీర్తి, మలబద్ధకం లాంటి పొట్ట ఇబ్బందులకే. మన రక్తం పి.హెచ్.ను ఊపిరితిత్తులు, మూత్రపిండాలే సరిచూసుకుంటాయి, 7.35కూ 7.45కూ మధ్య. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ నీళ్లు తాగకూడదు. మందుబిళ్లలు మామూలు నీళ్లతోనే మింగాలి.

మా వదిన ఇప్పుడు బోరు నీళ్లు పరీక్షకు పంపింది. చీటీ వచ్చాకే ఆ యంత్రం ఉండాలో పోవాలో తేలుస్తానంది. లక్ష పోసి కొన్నదానికంటే ఆ చిన్న చీటీకే ఇంట్లో ఎక్కువ విలువ వచ్చింది. మీ ఇంటి నీళ్ల చీటీ మీ దగ్గరుందా?