కాళి బొమ్మకు ఆట నేర్పిన సూర్యకుమారి

గుడిలో కాళికా విగ్రహం. ఆరు చేతులు. మంత్రగాడు కూరా ఆడమని ఆనతిస్తాడు. బిగుసుకుపోయిన ఒళ్లు కదులుతుంది, చేతులు విచ్చుకుంటాయి, బొమ్మ ఆడుతుంది. ఆట ముగిశాక అతను ఒక కత్తి విసురుతాడు. ఆమె అందుకున్నది ఒక్కటే, మరుక్షణం ఆరు చేతుల్లోనూ ఆరు కత్తులు! వాటితో సింద్‌బాద్ మీదికి వస్తుంది. 1973 చివర్లో లండన్‌లో విడుదలైన ‘ది గోల్డెన్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’లోది ఈ ఘట్టం.

యానాం ఫరంపేటలో మా వీధి పిల్లలకు దీన్ని ఫోన్‌లో చూపిస్తే ఒకడు వెంటనే అడిగాడు: “ఆవిడ వెనకాల ఎంతమంది దాక్కున్నారండీ మాస్టారూ?” గ్రాఫిక్స్ కాలంలో పుట్టినవాడు మనుషుల కోసం వెతకడం చూసి నాకు సంతోషమేసింది. వాడి అనుమానం నిజమే, మనుషులున్నారు. తెర మీద ఉన్నది కీళ్లున్న చిన్న బొమ్మే అయినా, దాని ఆటకు ఒరవడి పెట్టినావిడ టంగుటూరి సూర్యకుమారి. మన గోదావరి మనిషి. మా యానాం పక్కనుంచి సముద్రానికి పోయే గౌతమి పాయను పట్టుకుని ఎగువకు వెళితే ధవళేశ్వరం, ఆ పైన రాజమండ్రి. అక్కడే 1925లో పుట్టారు.

ప్రకాశం పంతులుగారి సోదరుడి కుమార్తె. చిన్నతనంలోనే సినిమాల్లోకి వచ్చారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో ఉన్నారు. ‘మా తెలుగు తల్లికి’ పాట ఇంటింటికీ చేరింది ఆవిడ గొంతుతోనే. ఠాగూర్ నాటకం ‘ది కింగ్ ఆఫ్ ది డార్క్ ఛాంబర్’లో రాణి వేషానికి 1961లో న్యూయార్క్ నాటకరంగం ఓబీ అవార్డు ఇచ్చింది. తర్వాత లండన్‌లో స్థిరపడి ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ స్థాపించారు. 2005 ఏప్రిల్ 25న అక్కడే కన్నుమూశారు. సూర్యకుమారి అనగానే మనవాళ్లు పాట గురించి చెప్పి ఊరుకుంటారు. ఆ బొమ్మ గురించి కూడా చెప్పాలన్నదే నా పట్టుదల.

బొమ్మ చేసినవాడు రే హ్యారీహౌసెన్. పదమూడేళ్ల వయసులో, 1933లో, విల్లిస్ ఒబ్రయన్ చేతిలో కదిలిన ‘కింగ్ కాంగ్’ను చూశాడు. ఆ గొరిల్లా ఎలా నడిచిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాడు, బతుకంతా ఆ పనికే ఇచ్చేశాడు. బొమ్మను వెంట్రుకవాసి జరపాలి, ఒక ఫ్రేము తీయాలి, మళ్లీ జరపాలి. దీన్నే స్టాప్ మోషన్ అంటారు. సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. అలా అతని చేతిలో, అణుపరీక్షకు మంచులోంచి మేలుకున్న రాకాసి బల్లి 1953లో వచ్చింది. 1957లో శుక్రగ్రహం నుంచి వచ్చి రోమ్ నగరాన్ని హడలెత్తించిన జంతువు. 1963లో ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’లో కత్తులు దూసిన ఏడు అస్థిపంజరాలు, ఆ కొద్ది నిమిషాల పోరుకే నాలుగున్నర నెలలు పట్టింది.

రాకాసి బల్లి ఎలా నడిచినా ఒప్పుకుంటాం, అసలుదాన్ని చూసినవాళ్లు లేరు కదా. కాళి ఆడితే మాత్రం మన కన్ను పసిగట్టేస్తుంది. ఆ ఆటను సూర్యకుమారి కూర్చారు. శిష్యురాలిని తన వెనక కట్టి నిలబెట్టుకుని, నాలుగు చేతులు కలిసి ఎలా కదులుతాయో ఆడి చూపించారు. మిగిలిన జత హ్యారీహౌసెన్ ఊహించుకోవలసిందే.

ఇంతకన్నా తగిన గురువు అతనికి దొరికి ఉండరని నా నమ్మకం. మన నాట్యంలో అడవును, అంటే కాలూ చెయ్యీ కలిపే మూలపాఠాన్ని, మొదటి కాలంలో నిదానంగా నేర్పి, ఆ తర్వాతే రెండో కాలానికి, మూడో కాలానికి పోతారు. చెయ్యి ఎక్కడ బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, మోచెయ్యి ఎంత ఎత్తున నిలవాలి అన్నది ఆ నిదానంలోనే ఒంటబడుతుంది. స్టాప్ మోషన్ చేసేవాడి చదువూ ఇదే. అతని కాలం ఇంకా నిదానం, ఒక్క అడుగుకు గంటలు పడుతుంది.

కత్తియుద్ధానికి ముగ్గురు స్టంట్ కళాకారులను కలిపి కట్టి, కాళిగా నిలబెట్టి నటులచేత సాధన చేయించారు. తీరా కెమెరా తిరిగేటప్పుడు వాళ్లను పక్కకు తప్పించారు. సింద్‌బాద్ వేసిన జాన్ ఫిలిప్ లా, తోటివాళ్లు ఉత్త గాలితో పోరాడారు. ఆ ఫిల్మును వెనక తెర మీద ఒక్కో ఫ్రేమే వేసుకుంటూ, ముందున్న బొమ్మను జరుపుతూ, ఆరు చేతుల్లో ఏది లేస్తోందో ఏది దిగుతోందో అంతా బుర్రలో పెట్టుకుని హ్యారీహౌసెన్ పని ముగించాడు.

అమ్మవారిని రాక్షసిని చేయడం నన్ను నొప్పిస్తుంది. చివర్లో ఆ విగ్రహం కిందపడి ముక్కలవుతుంది, అది నేను చూడలేను. కథ అల్లినవాళ్లకు కాళి ఒక వింత ఆకారం మాత్రమే. అయినా ఆ ఆటలో వెటకారం వెతికినా దొరకదు. ఆ మర్యాద సూర్యకుమారి వల్లే నిలబడిందంటాను.

రాక్షసుణ్ణి ముద్దుచేయడం మన సినిమాకు బాగా తెలుసు. హ్యారీహౌసెన్ జంతువు రోమ్‌ను హడలెత్తించిన 1957లోనే, కె.వి. రెడ్డి ‘మాయాబజార్’లో, మార్కస్ బార్‌ట్లే కెమెరా ముందు లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లాయి. ఆ ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు మాకు ఇరుగూపొరుగే, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో తేలినవాడు. లడ్లను తలుచుకోని తెలుగిల్లు లేదు. కాళి ఆట కూడా ఆ వరసలో చేరాలి.

సినిమా దొరికితే కత్తులు రాకముందరి ఘట్టాన్ని దాటేయకండి. మొదటిసారి బొమ్మను మొత్తంగా చూడండి. రెండోసారి ఒక్క జత చేతులనే పట్టుకుని, అవి ఆగే చోట్లు చూడండి.