వినేవారుంటేనే చదువు

కరోనా కాలంలో బడులు మూతపడ్డాయి. పాఠాలు టీవీలోకి వెళ్లాయి. పంతుళ్లు ఫోన్లలోకి వెళ్లారు. మరి పిల్లలు ఎక్కడికి వెళ్లారు? సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలంలో తెలుగు పాఠాలు చెప్పే ఓ ఉపాధ్యాయుడి అనుభవాలూ, ఆలోచనలూ ఇవి.

అనంతగిరి అనగానే చాలామందికి వికారాబాద్ కొండలో, అరకు దారిలోని కాఫీ తోటలో గుర్తొస్తాయి. మాది ఆ రెండూ కాదు. కోదాడ పక్కన, 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఏర్పడిన చిన్న మండలం. చుట్టుపక్కలంతా వరి పొలాలు. మా పిల్లల్లో ఎక్కువమంది రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు. వారికి బడి అంటే పాఠం ఒక్కటే కాదు. మధ్యాహ్నం వేడి అన్నం, ఆటస్థలం, ఇంటి గొడవల నుంచి కాసేపు తెరిపి. 2020 మార్చి 16న అవన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

మొదట మార్చి 31 వరకే అన్నారు. పదిహేను రోజులే కదా అనుకున్నాం. 19న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. మూడు పేపర్లు అయ్యేసరికి హైకోర్టు ఆదేశాలతో ఆగిపోయాయి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. జూన్ 8న మిగతా పరీక్షలు రద్దు చేసి, రాష్ట్రంలోని సుమారు 5.34 లక్షల మందినీ పై తరగతికి పంపించారు. పిల్లలు కేరింతలు కొట్టారు. కానీ బాగా చదివే ఒక అమ్మాయి మాత్రం ఫోన్ చేసి, ''నేను పాసయ్యానా సార్, పాస్ చేశారా?'' అని అడిగింది. ఆ రెండు మాటలకూ తేడా తెలిసిన పిల్లకు వ్యాకరణం ఇంకేం చెప్పాలి?

టీవీ చెబుతుంది... వినదు

ఆగస్టు 27 నుంచి మమ్మల్ని బడికి రమ్మన్నారు. పిల్లలు లేని బడి ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. సెప్టెంబరు 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరింట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఏదీ లేనివాళ్లు ఎందరు అని ఇల్లిల్లూ తిరిగి జాబితాలు రాశాం. టీవీ లేనివారిని పక్కింటివారికి జత చేశాం.

జాబితాలో 'ఫోన్ ఉంది' అని రాసిన ఇంట్లో నిజానికి ఆ ఫోన్ తండ్రి జేబులో ఉండేది. పొద్దున్నే ఆయనతోపాటే పొలానికి వెళ్లేది. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకే టీవీ ఉండేది. వారితోపాటు సీరియల్ చూసే నానమ్మ కూడా ఉండేది. పాఠాలు తయారుచేసిన ఉపాధ్యాయులు కష్టపడ్డారు, బొమ్మలతో చక్కగానే చెప్పారు. వాటిని తక్కువ చేయను. కానీ సాయంత్రం ఫోన్ చేసి ''పాఠం చూశావా?'' అంటే ''చూశాను సార్'' అనే జవాబు వచ్చేది. ''ఏం చెప్పారు?'' అంటే అవతల నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం గురించి చాలా రోజులు ఆలోచించాను. టీవీ చెబుతుంది గానీ వినదు. పిల్లవాడు 'ప్రయాణం'ను 'పయాణం' అని చదివితే ఆగి, 'ఏదీ, మళ్లీ చదువు' అనదు. తెలుగు చదవడమంటే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు మెట్టు మెట్టుగా ఎక్కడం. కన్ను చూసినదాన్ని నోరు పలకాలి. నోరు పలికినదాన్ని ఎదుటివారి చెవి సరిచూడాలి. ఆ చెవి లేకపోతే చదువు సగంలోనే ఆగిపోతుంది. బడిలో మేం చేసే పనుల్లో చెప్పడం ఒక వంతైతే, వినడం మూడు వంతులు. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నా ఈ లెక్క నాకు ఇంత స్పష్టంగా తెలిసింది బడి మూసినప్పుడే.

సంచిలో పుస్తకాలు

బడి బీరువాలో పంచతంత్రం కథలు, తెనాలి రామకృష్ణుడి కథలు, అట్టలు ఊడిన పాత చందమామలు ఉన్నాయి. వాటిని సంచిలో వేసుకుని, బండి మీద ఊళ్లలోకి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. ఒకరి నుంచి తిరిగొచ్చిన పుస్తకాన్ని మూడు రోజులు విడిగా ఉంచి ఇంకొకరికి ఇచ్చేవాళ్లం. అరుగు మీద దూరదూరంగా కూర్చోబెట్టి, ముక్కూ నోరూ కప్పుకొనే తలా ఒక పేజీ చదివించేవాళ్లం.

నేను పెట్టిన నియమం ఒక్కటే. రోజూ రెండు పేజీలు ఇంట్లో ఎవరికైనా వినిపించేలా చదవాలి. విన్నవారు నోటు పుస్తకంలో సంతకం పెట్టాలి. సంతకం రానివారు వేలిముద్ర వేయొచ్చు. ప్రశ్నలూ జవాబులూ మార్కులూ లేవు.

పది రోజుల తర్వాత నోటు పుస్తకాలు చూస్తే సగానికి పైగా వేలిముద్రలే. పగలంతా ఇంట్లో ఉండేది నానమ్మలూ, అమ్మమ్మలే కదా! ఒక అవ్వ నన్ను ఆపి మరీ ఫిర్యాదు చేసింది. ''సారూ, వీడు నిన్న మంచి నక్క అన్నదాన్ని ఇయ్యాల చెడ్డ నక్క అంటున్నాడు. మళ్లీ సదివించు.'' పుస్తకం తీసి చూస్తే నిజమే, కరటకుడినీ దమనకుడినీ వాడు తారుమారు చేశాడు. అక్షరం ముక్క రాని ఆ అవ్వ, వాడి చదువులోని తప్పును పట్టుకుంది. కథ వినడం తెలిసినవారెవరైనా సగం పంతులే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చూపు మందగించిన తాతకు రోజూ పేపర్ చదివి వినిపించేది. ''కరోనా లెక్కలున్న వార్త మాత్రం చదవకుండా దాటేసేదాన్ని సార్, తాత భయపడతాడని'' అంది. ఏది చదవాలో, ఎవరి కోసం చదవాలో ఆ పిల్లకు అప్పటికే తెలిసిపోయింది.

అందరి కథా ఇలా లేదు. పత్తి ఏరడానికి, నాట్లకు వెళ్లిన పిల్లలున్నారు. ట్రాక్టర్ మీద కూలికి కుదిరిన తొమ్మిదో తరగతి కుర్రాడు చేతికి డబ్బు అలవాటయ్యాక పుస్తకం వైపు చూడలేదు. మేం వెళ్తే పక్క సందులోంచి వెళ్లిపోయేవాడు.

పక్క ఊరి పాత కథ

మా పక్కనే నడిగూడెం ఉంది. మునగాల పరగణా రాజా నాయని వెంకట రంగారావు కోట అక్కడే. ఆ సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీరు వినే ఉంటారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టడం వెనుకా, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలవడం వెనుకా ఈ ఇద్దరూ ఉన్నారు. తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు సామాన్యుడి చేతికి రావాలని తపించినవారు ఈ మట్టి మీదే తిరిగారు. 1928లో నిజాం రాష్ట్ర రెండో ఆంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగింది మా సూర్యాపేటలోనే.

లాక్‌డౌన్ రాత్రుల్లో నేను వెతికి చదువుకున్నది లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ గురించి. 1874లో పుట్టిన ఆమెకు చిన్నతనంలో బడి చదువు లేదు. తమ్ముడు తన ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో అతడి దగ్గరే చదవడం, రాయడం నేర్చుకున్నారు. అలా నేర్చిన ఆమె 1902లో 'ధన త్రయోదశి' కథ రాశారు. తెలుగులో తొలి కథల్లో అదొకటి. స్త్రీల చరిత్రలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చారు. 1905లో, ఇంకా ముప్పయ్యొక్క ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బే సోకి పోయారని చెబుతారు.

ఆమెకు బడి లేదు. టీవీ పాఠం లేదు. పక్కన కూర్చుని 'ఏదీ చదువక్కా' అనే తమ్ముడు ఒక్కడున్నాడు. నూట పదిహేనేళ్ల తర్వాత ఇంకో మహమ్మారి కాలంలో మా పిల్లలకు కావలసిందీ అదే. అందుకే ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంకో పని చెప్పాను. ఇంట్లో చెల్లో తమ్ముడో ఉంటే, రోజూ పావుగంట వాళ్లతో చదివించమన్నాను. డిజిటల్ పాఠాలు మూడో తరగతి నుంచే కదా! ఒకటి, రెండు తరగతుల పసివాళ్లకు ఆ ఏడాది పంతులంటే అక్కాఅన్నలే.

భయం మధ్య బతుకు

ఇక మా బతుకుల సంగతి. 2020 మార్చి నుంచి మూడు నెలలు ప్రభుత్వ ఉద్యోగులకు సగం జీతమే వచ్చింది. మిగతాది తర్వాత విడతలుగా ఇచ్చారు. మాకు ఆ సగమైనా ఉంది. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే నా మిత్రుడికి అదీ లేదు. ఆ వేసవిలో ధాన్యం కాంటా దగ్గర బస్తాలు లెక్కపెట్టాడు. ''లెక్కలే కదా చేస్తున్నాను'' అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేకపోయేవాణ్ని. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించినప్పుడు బియ్యం సంచితో ఇంటికెళ్తూ ఫోన్ చేశాడు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ పేరు కరోనా వార్తల్లో రాష్ట్రమంతా మోగింది. ఆ తర్వాత చాలా రోజులు సూర్యాపేట నుంచి వచ్చామంటే జనం రెండడుగులు వెనక్కి జరిగేవారు. మా వైపు ఇంకో చిక్కు, సరిహద్దు. ఇటు కోదాడ, అటు జగ్గయ్యపేట. పిల్లనిచ్చినవారు ఒకవైపు, తెచ్చుకున్నవారు ఇంకోవైపు. రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర గేటు పడితే చుట్టరికాలకు మధ్యలో గేటు పడినట్టే. 2021 మేలో రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను అక్కడ ఆపారు. మే 14న హైకోర్టు స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది. ఆ వేసవిలో పొద్దున్నే వాట్సప్ గ్రూపు తెరవాలంటే గుండె దడదడలాడేది. ఎవరి ఫొటో కింద దండం పెట్టాల్సి వస్తుందోనని భయం. తోటి ఉపాధ్యాయులు కొందరు మళ్లీ బడికి రాలేదు.

ఒకటో తరగతి లేని పిల్లలు

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది వచ్చాయి. సరిగ్గా నెలకు, మార్చి 24న మళ్లీ మూశారు. చిన్న తరగతులు తెరుచుకున్నది సెప్టెంబరు 1న. అంటే పసిపిల్లలు పదిహేడు నెలలకు పైగా బడి ముఖం చూడలేదు. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులు కూడా నెలాఖరు దాకా సాగాయి.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, ఒక పిల్లల గుంపు గురించి చెప్పాలి. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు వాళ్లు. ఒకటో తరగతి గది చూడకుండానే రెండో తరగతిలో కూర్చున్నారు. 2022లో మూడో తరగతికి వచ్చారు. ఆ ఏడాదే దేశమంతటా గ్రామాల్లో 'అసర్' సర్వే జరిగింది. రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 2018లో నూటికి 18.1 మంది ఉంటే, 2022లో 5.2 మందే తేలారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు, దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు పడిపోయారు. అంతకుముందూ మనది గొప్ప స్థితేం కాదు. ఉన్న కాస్తా కరోనా ఊడ్చుకుపోయింది.

తర్వాత ప్రయత్నాలు జరిగాయి. 2022 ఫిబ్రవరిలో వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో ప్రాథమిక తరగతుల కోసం 'తొలిమెట్టు' మొదలుపెట్టారు. వాటివల్ల మేలు జరిగింది. అయినా జారిపోయిన మెట్టు జారిపోయినట్టే కొందరిలో కనిపిస్తుంది.

ఆ పిల్లలే 2025 జూన్‌లో ఆరో తరగతిలో నా ముందుకొచ్చారు. తెలివికి లోటు లేదు. ఫోన్ నా కంటే బాగా వాడతారు. నోటి లెక్కలు గబగబా చెబుతారు. పాఠం చదవమంటే మాత్రం కొందరు ఒత్తు దగ్గర ఆగిపోతారు. పక్కవాడు చూస్తున్నాడేమోనని తలొంచుకుంటారు. 2030లో వీళ్లు పదో తరగతి పరీక్ష రాయాలి. అప్పుడు ఏ పిల్లవాడైనా తప్పితే 'చదవలేదు' అంటాం. వాడికి చదవడం నేర్పాల్సిన ఏడాది బడికి తాళం ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందుకే పాత నోటు పుస్తకం నియమాన్ని మళ్లీ పెట్టాను. రెండు పేజీలు, ఒక శ్రోత, ఒక సంతకం. అమ్మానాన్నలకు నేను చెప్పేదీ ఇంతే. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. పిల్లలకు పాఠం చెప్పక్కర్లేదు. అన్నం తిన్నాక పది నిమిషాలు టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, 'ఏదీ, చదువు వింటాను' అనండి. తడబడితే నవ్వకండి, తిట్టకండి. ఆగి, మళ్లీ చదవమనండి. మీ ఇంట్లో ఇప్పుడు ఆరో ఏడో తరగతి చదివే బిడ్డ ఉంటే ఈ రాత్రే మొదలుపెట్టండి. వాళ్లకు ఒక ఏడాది బాకీ ఉన్నాం.