పాత కాగితాలలో మన పూర్వులు

తమిళనాడులోని నల్లరేగడి పల్లెలలో, కర్ణాటకలో తుంగభద్ర కాలువల కింద, ఒడిశా, మహారాష్ట్రలలో ఎన్నో తెలుగు రైతు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. "మీ పూర్వులు ఎక్కడి నుండి వచ్చారు? ఎప్పుడు వచ్చారు?" అని అడిగితే చాలామంది "ఎప్పుడో, ఎక్కడి నుండో వచ్చారట" అంటారు. ఆ "ఎప్పుడో" ఒక సంవత్సరంగా, ఆ "ఎక్కడి నుండో" ఒక గ్రామంగా తేలాలంటే పెద్దల మాటలను, పాత రికార్డులను కలిపి చదవాలి.

ఈ పనిలో తెలిసిన దాని నుండి తెలియని దానికి వెళ్లాలి. మొదట తల్లిదండ్రులు, తరువాత తాతలు, ముత్తాతలు. ఇంటిపేరు చాలాసార్లు ఒక ఊరి పేరే అయి ఉంటుంది. కాని ఒకే పేరుగల ఊళ్లు అనేక జిల్లాలలో ఉంటాయి. కాబట్టి ఇంటిపేరు దారి చూపుతుందే గాని రుజువు కాదు.

పెద్దలు కాలాన్ని అంకెలలో చెప్పరు. "మనవాళ్లు ధాత కరువులో వచ్చారు" అంటారు. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏండ్లకు ఒకసారి మళ్లీ వస్తాయి. ధాత 1876లో వచ్చింది, 1936లోనూ వచ్చింది. దక్షిణ భారతాన్ని పీడించిన మహాక్షామం 1876 నుండి 1878 వరకు సాగింది. కనుక ఆ మాటలోని ధాత 1876 అని తేలుతుంది. అలాగే నందన కరువు అంటే 1832-33లో గుంటూరు సీమను పీడించిన కరువు.

ఇక కాగితాలను చూద్దాం. భూమి రికార్డును తమిళనాడులో అడంగల్ అనీ, కర్ణాటకలో పహాణీ అనీ, మహారాష్ట్రలో సాత్‌బారా అనీ, ఒడిశాలో ఖతియాన్ అనీ అంటారు. మద్రాసు రాజధానికి చెందిన పాత లెక్కలలో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1300 ఫసలీ అంటే 1890 జూలై నుండి 1891 జూన్ వరకు అన్నమాట.

అన్నిటికంటె ఉపయోగపడేది క్రయదస్తావేజు. అందులో కొన్నవారి పేరు, తండ్రి పేరు, నివాస గ్రామం, పొలం నాలుగు హద్దులు ఉంటాయి. 1953లో తుంగభద్ర జలాశయం పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వెళ్లి భూములు కొన్నారు. తుప్పలు కొట్టి, నేల చదును చేసి, వరి పండించారు. వారి ఊళ్లకు "క్యాంపు" అనే పేరు నిలిచిపోయింది. అటువంటి కుటుంబం మొదటి దస్తావేజులో పాత ఊరి పేరు దొరకవచ్చు. ఆ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. అందుచేత ఆ నేల పాత రికార్డులు చదవడానికి ఉర్దూ తెలిసినవారి సాయం కావాలి. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో జనన మరణ రిజిస్టర్లకు ఫ్రెంచి రావాలి.

ఇంకా వెనుకకు వెళ్లేవారికి ఇనాం రిజిస్టర్లు ఉన్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషనును నియమించింది. మాన్యం ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు అని అది విచారించింది. అంతకు ముందే కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో గ్రామ చరిత్రలైన కైఫీయతులను సేకరించాడు.

అయితే రికార్డు అంతా చెప్పదు. పట్టాలో శిస్తు కట్టినవారి పేరే ఉంటుంది. బంజరు నరికిన కూలీ పేరు ఉండదు. కౌలుదారు పేరు తరచుగా ఉండదు. అతనితో పాటు నాట్లు వేసి, కలుపు తీసిన ఇల్లాలి పేరు మరీ అరుదు. వారు లేకుండా ఏ ఊరూ వెలియలేదు. వారి చరిత్ర పెద్దల నోటనే మిగిలి ఉంది. కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ ఇటువంటి జ్ఞాపకాల నుండే 1976లో "గోపల్ల గ్రామం" అనే తమిళ నవల రాశాడు.

కాగితాన్ని చెదలు తింటుంది. జ్ఞాపకం మనిషితో పోతుంది. కనుక మీ ఇంటిలోని పెద్దలను నేడే అడగండి. వారు చెప్పిన పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు ఒక పుస్తకంలో రాయండి. ఏది విన్నదో, ఏది కాగితంలో చూచినదో విడివిడిగా గుర్తించండి. తాతమ్మల పేర్లను మరువకండి.