చలికాలమున పెరటికోళ్లకు నీరును ఊకయు

మార్గశిరము ప్రవేశించుటతోడనే గోదావరికి ఉత్తరమున చలి ముదురును. ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలోని బేల, సిర్పూరు, తిర్యాణి ప్రాంతములయందు కొన్ని రాత్రులు ఉష్ణము 10 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు పోవును. చలి తీవ్రమైన యేడులలో 5 డిగ్రీల దరికిని వచ్చును. పుష్యపు అమావాస్యనాడు కేస్లాపూరులో నాగోబా జాతర జరుగువఱకును జాగ్రత్త తప్పదు. కరీంనగరు వైపున ఇంతటి తీవ్రత లేకున్నను, తెల్లవారుజామున మంచును చలిగాలియు కోళ్లను బాధించును.

పది కోళ్లున్న ఇంటికి గ్రుడ్ల సొమ్ము చిన్నది కాదు. ఉప్పు, నూనె, పిల్లల పుస్తకములు దానితోనే గడచును. ఆ సొమ్ము తఱచుగా ఇల్లాలి చేతిలోనే యుండును. చలికాలమున గ్రుడ్లు తగ్గగానే మేత చాలలేదని కొందఱు, దిష్టి తగిలినదని కొందఱు తలంతురు. నిజమునకు మొదటి కారణము వెలుతురు. డిసెంబరున మనకు పగలు 11 గంటలే. పెట్ట చక్కగా గ్రుడ్లు పెట్టుటకు 14 గంటల వెలుతురైనను వలయును. తక్కిన రెండు కారణములు చల్లని నీరు, తడి నేల. వీనిని సవరించుటకు ధనము అక్కఱలేదు, శ్రద్ధ చాలును.

నీరు: పెద్దపెట్ట దినమునకు సుమారు పావులీటరు నీరు త్రాగును. పెంకు తీసిన గ్రుడ్డులో నాలుగు పాళ్లకు మూడు పాళ్లు నీరే. నీరు తగ్గిన మేతయు తగ్గును, గ్రుడ్డును తగ్గును. మనవైపున నీరు గడ్డకట్టదు గాని, రాత్రియంతయు రేకు పాత్రలో నిలిచిన నీటిని కోడి ముక్కుతో తాకి విడిచిపెట్టును. కావున సాయంకాలము పాత్రను వంచి బోర్లించి, ఉదయమున బావినుండి గాని బోరునుండి గాని అప్పుడే తోడిన నీరు పోయవలెను. భూమిలోని వెచ్చదనముచేత ఆ నీరు గోరువెచ్చగా నుండును. తొట్టినీరైనచో కొంత వేడినీరు కలుపుడు. పాత్రను దినదినము తోమి, కోడి వీపు ఎత్తున ఇటుకలపై నిలుపవలెను; అప్పుడు నీరు ఒలుకదు, చెత్త పడదు. పిల్లల పాత్రలో గులకరాళ్లు వేయవలెను. చలిలో తడిసిన పిల్ల బ్రదుకుట కష్టము.

ఊక: వట్టి నేల చలిని కోడి పొట్టకు ఎక్కించును. పెద్దపల్లి, కరీంనగరు వైపున బియ్యపు మిల్లుల వలన ఊకకు కొఱత లేదు. ప్రత్తి పండు ఆదిలాబాదు పల్లెలలో వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, రెండంగుళముల ముక్కలుగా నఱకిన వరిగడ్డి పనికివచ్చును. ఏదైనను ఎండబెట్టినదై, బూజు లేనిదై యుండవలెను. మూడంగుళముల మందమున పఱచి, రెండు దినములకొకమాఱు తిరుగవేయవలెను. పిడికెడు తీసి నొక్కి వదలిన పొడిపొడిగా విడిపోయిన మంచిది; ముద్దగా నిలిచిన తడి యెక్కువైనదని యెఱుగునది. ఆ భాగమును వెంటనే తీసి క్రొత్తది వేయవలెను. తడిసిన ఊకనుండి వెడలు ఘాటు వాయువు కోళ్ల కన్నులను, ఊపిరిని చెఱచును. పిల్లలకు రక్తవిరేచనములు కలిగించు రోగము తడిలోనే ప్రబలును.

ఒక హెచ్చరిక: చలికి వెఱచి గూటిని అన్నివైపుల మూయరాదు. కోళ్ల ఊపిరినుండి వెడలు తేమ లోపలనే నిలిచి ఊకను తడుపును. ఉత్తరపు గాలికి అడ్డముగా గోనెసంచులు వ్రేలాడదీసి, పైభాగమున జానెడు సందు విడువవలెను. సూర్యోదయమున సంచులు ఎత్తవలెను. మూసిన గూటిలో బొగ్గుల కుంపటి ఉంచుట మఱింత ప్రమాదము. వాసన లేని విషవాయువు పుట్టి ఒక్క రాత్రిలో గూడంతయు ఖాళీ కాగలదు.

ఒక్కొక్కరు బస్తా ఊకకై మిల్లుకు పోవుట వృథా శ్రమము. అప్పటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరు రైతులు 1956లో సహకార సంఘముగా కూడి, ఒంటరిగా కానిది కలిసి సాధింపవచ్చునని చూపిరి. పదిండ్లవారు కూడి ఒక బండి ఊక తెప్పించుకొనినచో చలికాలమంతయు గడచును. వాడిన ఊకను పారవేయక, గోతిలో కుళ్లించి పసుపు చేలకు గాని కూరగాయల మళ్లకు గాని వేయుడు. గూటిని కాపాడిన ఊక మాఘము దాటిన పిమ్మట పొలమునకును బలమగును.